చదివింపుల పుస్తకం

మనిషిది ఏ ఊరో తేల్చడానికి మా తాత దగ్గర ఒక కొలత ఉండేది. ఎక్కడ పుట్టావు, భూమి ఎక్కడుంది, రేషన్‌కార్డు ఎక్కడిది అని ఆయన అడిగేవాడు కాదు. "నిన్ను చందా అడిగే హక్కు ఎవులికుంది?" అనేవాడు. సంబరానికో, గుడికో, ఎవరింటి పెళ్లికో, ఎవరి దినానికో నీ గుమ్మంలోకి వచ్చి, మొహమాటం లేకుండా "నీ వాటా ఇంత" అని చెప్పగలిగిన మనుషులు ఎక్కడుంటే అదే నీ ఊరని ఆయన నమ్మకం. ఆ లెక్కన ఆయనకి రెండు ఊళ్లు. ఒకటి పాలకొండ దగ్గర, నాగావళి ఒడ్డున ఉన్న పల్లె. రెండోది ఆరు వందల కిలోమీటర్లకి పైగా దూరాన బెంగాల్లో ఉన్న ఖరగ్‌పూర్. ఈ రెండింట్లో ఏది అసలుది అని ఎవరైనా అడిగితే ఆయనకి కోపం వచ్చేది. నాకూ ఆ ప్రశ్న వింటే అదే కోపం వస్తుంది.

ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్లేమిటి అని హైదరాబాదులో నన్ను అడుగుతూనే ఉంటారు. ఆ జవాబు రైలు పట్టాల దగ్గర మొదలవుతుంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ని పెద్ద జంక్షను చేసి, అక్కడ ఇంజన్లూ పెట్టెలూ బాగుచేసే వర్క్‌షాపు కట్టింది. కటక్ నుంచి మన వైపు వచ్చే తూర్పు తీరం లైను 1902 ప్రాంతంలో ఆ కంపెనీ చేతికే వచ్చింది. అంటే ఇచ్ఛాపురం, పలాస, ఆమదాలవలస, విజయనగరం స్టేషన్లూ ఖరగ్‌పూర్ వర్క్‌షాపూ ఒకే యజమాని కింద ఉండేవి. ఒక ఊరివాడికి పని దొరికితే తమ్ముణ్ణి, బావమరిదిని, పక్కింటి కుర్రాణ్ణి రమ్మని కబురుపెట్టేవాడు. 1955లో ఆ రైల్వే ఆగ్నేయ రైల్వే అయినా, మా ఇంట్లో పెద్దవాళ్లకి అది చివరిదాకా బియ్యన్నారే.

అంతకుముందు ఆ ప్రాంతపు చూపు సముద్రం వైపు ఉండేది. పంట సరిగా రాకపోతే ఓడెక్కి రంగూన్ పోవడం అక్కడ అలవాటు. మా తాత అన్నగారు, మా పెద్దతాత, అలా వెళ్లినవాడే. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక, బర్మాలో ఉన్న మనవాళ్లు వేలమంది కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చారు. ఆయన కూడా వచ్చాడు, ఒంటి మీద గుడ్డతో. ఆ నడక సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదట. తమ్ముడి చేత మాత్రం నీళ్లు దాటనని ఒట్టు వేయించుకున్నాడు. అందుకే మా తాత 1946లో రైలెక్కాడు. పట్టాల మీద పోయినవాడు పట్టాల మీదే వెనక్కి రాగలడని మా ముత్తవ్వ ధైర్యం చెప్పుకుందట. వలసకి కారణం ఆకలే అని పుస్తకాల్లో చదువుతుంటాం. నిజమే. కానీ ఆకలితో బయల్దేరిన మనిషి ఏ దారి పట్టాలన్నది మాత్రం ఇలాంటి ఇంటి భయాలే తేలుస్తాయి.

మేం పెరిగింది మథురాకాటి రైల్వే క్వార్టర్లో. రెండు గదులు, ముందు చిన్న వరండా, వెనక పెరడు. ఒక గోడకి అవతల ఒడియావాళ్లు, ఇంకో గోడకి అవతల బెంగాలీలు. ఎదురు వరసలో ఆమదాలవలస వాళ్లు, ఆ చివర పాలక్కాడ్ నుంచి వచ్చిన మలయాళీలు. పొద్దున్నే అందరి ఇళ్లలోంచీ ఒకేసారి మగవాళ్లు సైకిళ్లు బయటకి తీసేవాళ్లు. ఇంట్లో గోడ గడియారం ఉన్నా మేం బతికింది వర్క్‌షాపు కూతతో. తాత ఆ కూత పడేలోపే చెప్పుల్లో కాళ్లు పెట్టి నిలబడి ఉండేవాడు. కూత పడుతుంటే కంచం ముందు కూర్చుని ఉండటం ఆయన దృష్టిలో పెద్ద సిగ్గు. రిటైరైన తర్వాత పల్లెలో ఉన్నప్పుడు కూడా, పొలం గట్టు మీద మాట్లాడుతూ మాట్లాడుతూ ఠక్కున లేచి, "ఇప్పుడు కూత పడుంటాది" అని అన్నానికి ఇంటికి నడిచేవాడట.

మా నాన్న డబ్బు లెక్కపెట్టేది తెలుగులో, పోట్లాడేది హిందీలో, చేపల బేరం బెంగాలీలో. గోల్‌బజార్‌లో ఆదివారం ఆయన వెంట వెళ్తే ముగ్గురు నాన్నలు కనిపించేవాళ్లు. మామ్మ ఏ భాష మాట్లాడినా అది పాలకొండ తెలుగులాగే వినిపించేది. అయినా పక్కింటి బెంగాలీ ఆవిడకి, మేం మాసీమా అని పిలిచే ఆవిడకి, మామ్మ చెప్పింది ఒక్క ముక్క కూడా పోకుండా అర్థమయ్యేది. వాళ్లిద్దరూ పెరటి గోడ దగ్గర నిలబడి, ఒకరు తెలుగులో, ఒకరు బెంగాలీలో, కోడళ్ల గురించి గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్లు. ఇటువైపు ఒడియా పిన్నిగారి ఇంట్లో వేసవికి పఖాళ, మా ఇంట్లో తరవాణి. గిన్నెలు అటూ ఇటూ మారేవి. పొద్దున చోడి అంబలి తాగిన నోటితోనే సాయంత్రం మరమరాల్లో ఆవనూనె, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ కలుపుకుని తినేవాళ్లం. చోడిపిండి పల్లె నుంచి సంచిలో వచ్చేది, ఆవనూనె ఖరగ్‌పూర్‌ది. ఈ రెండూ ఒకే మనిషి కడుపులో ఉండకూడదని మాకెవరూ చెప్పలేదు.

సంక్రాంతి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మనకి సంక్రాంతి అయిన రోజే బెంగాలీలకి పౌష సంక్రాంతి. మనం అరిసెలు వండుతుంటే వాళ్లు పిఠేలు చేస్తారు. ఆ చలికాలంలో అక్కడ ఖర్జూరపు చెట్ల నుంచి రసం దించి బెల్లం కాస్తారు, నొలేన్ గుడ్ అంటారు. దాని వాసన వంటింట్లోంచి వీధి మలుపు దాకా వచ్చేది. మామ్మ మొదట్లో చెరకు బెల్లమే కావాలని పల్లె నుంచి తెప్పించుకునేదట. తర్వాత ఎప్పుడో ఖర్జూర బెల్లంతో పాకం పట్టడం మొదలుపెట్టింది. పాకం తీగ రావడం వేరుగా ఉంటుందని, చూపుడువేలూ బొటనవేలూ కలిపి అమ్మకి నేర్పింది. మాకు అరిసె అంటే ఆ అరిసే. పల్లెకి పట్టుకెళ్తే అక్కడి పిల్లలు వాసన చూసి పక్కన పెట్టేవాళ్లు, మా పెద్దతాత మాత్రం దాచుకుని తినేవాడు. మాసీమా వాళ్లింటికి అరిసెల పళ్లెం వెళ్తే పాటిశాప్టాలు నిండి తిరిగొచ్చేది. ఖాళీ పళ్లెం వెనక్కి పంపకూడదని రెండు ఇళ్లలోనూ నియమం, ఒకరు ఇంకొకరికి నేర్పింది కాదు.

ఊరి నుంచి వచ్చిన చుట్టాలకి తాత తప్పకుండా చూపించేది రైల్వే ప్లాట్‌ఫారం. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం చాలా ఏళ్లపాటు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరు మోసింది, 1072 మీటర్లు. తర్వాత 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని దాటాయి. వచ్చినవాళ్లు ప్రయాణ బడలికతో ఉన్నా సరే, ఈ చివర నుంచి ఆ చివరిదాకా వాళ్లని నడిపించేవాడు. తను కట్టింది కాదు, తనది కాదు. అయినా దాన్ని చూపిస్తున్నప్పుడు ఆయన మాట మారేది. సొంత పొలం చూపించే రైతు మాట అది.

ఇక చదివింపుల పుస్తకం. గోల్‌బజార్‌లో కొన్న, ఎర్ర గుడ్డ అట్ట ఉన్న పొడుగాటి ఖాతా పుస్తకం. బెంగాలీ వ్యాపారులు వైశాఖంలో కొత్త లెక్కలు మొదలుపెట్టేది అలాంటి పుస్తకంలోనే. మా పెద్దత్త పెళ్లి 1964లో జరిగింది. ఆ పెళ్లికి ఎవరు ఏం చదివించారో మొదటి పేజీల్లో ఉంది, తాత రాతలో. పల్లె నుంచి వచ్చినవాళ్ల పద్దులో డబ్బు తక్కువ, బియ్యం, మినపపప్పు, బెల్లం ఎక్కువ. కుంచాల లెక్కన రాసుకున్నాడు. మలయాళీవాళ్లు ఇత్తడి బిందె ఇచ్చారు. ఖరగ్‌పూర్ తెలుగు ఇళ్లవాళ్లు పదహార్లు చదివించారు, ఒకరిద్దరు మేస్త్రీలు నూటపదహార్లు. బెంగాలీల పద్దులు పదకొండు, ఇరవయ్యొకటి, యాభయ్యొకటి. మనం పదహారు కలిపితే శుభం అంటాం, వాళ్లు ఒకటి కలిపితే శుభం అంటారు. తాత ఇది గమనించి, అప్పటి నుంచి తెలుగు పెళ్లికి పదహారుతో, బెంగాలీ పెళ్లికి ఒకటితో ముగిసేలా ఇచ్చేవాడు. ఎవరి శుభం వాళ్లకి.

చదివింపుల గురించి ఇప్పుడు చాలామంది చులకనగా మాట్లాడతారు. ఇచ్చిపుచ్చుకోవడాలకి లెక్కలు రాసుకోవడమేమిటి, ప్రేమ ఉంటే చాలదా అంటారు. నేనా మాట ఒప్పుకోను. ఆ పుస్తకంలో ఒక పేజీలో వచ్చింది, ఎదురు పేజీలో తిరిగి ఇచ్చింది. ఇచ్చింది ఎప్పుడూ వచ్చిన దానికి సరిగ్గా సమానంగా ఉండదు, కాస్త ఎక్కువే ఉంటుంది. సమానంగా ఇస్తే లెక్క తీరిపోయినట్టు, ఇక మీకూ మాకూ ఏమీ లేనట్టు. కొంచెం ఎక్కువ ఇస్తే అవతలివాళ్ల మీద ఇంకా కొంత మిగులుతుంది, వాళ్లు మళ్లీ రావాలి. అరవై ఏళ్లుగా ఏ పేజీలోనూ లెక్క తీరకుండా చూసుకున్నారు మా వాళ్లు. కొత్తచోటికి వచ్చిన మనిషి అక్కడివాడు అయ్యేది ఇలాగే. ఇష్టపడటంతో మొదలైనా, బాకీపడితేనే నిలుస్తుంది.

పల్లెలో అమ్మవారి సంబరానికి తాత ఏటా మనియార్డరు పంపేవాడు. అక్కడ ఆయనకి మిగిలింది అన్నగారితో ఉమ్మడిగా ఉన్న చెక్కముక్క భూమి. చందా మాత్రం ఊళ్లో ఉన్న రైతుతో సమానంగా కట్టేవాడు. ఫారం నింపే పని నాది, నా తెలుగు చేతిరాత కుదిరింది ఆ ఫారాల మీదే. కూపను మీద నాలుగు ముక్కలు రాయడానికి చోటుండేది. ఆ నాలుగు ముక్కల్లో ఆయన అందరి క్షేమం అడిగి, వాన సంగతి అడిగి, కోడి ఎవరు కోస్తున్నారో కూడా అడిగేవాడు.

ఆ తర్వాత మామ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, చీర చెంగు ముడి విప్పి, చిల్లర లెక్కపెట్టి ఇంకో ఫారం నింపించేది. అది తన పుట్టింటి ఊరికి, అన్న పేరు మీద. "మీ తాతకి సెప్పకు" అనేది. తాత ఊరి సంబరం వేరు, మామ్మ ఊరి సంబరం వేరు, మధ్య రెండు కోసుల దూరం. పెళ్లయ్యాక ఆడదాని ఊరు మొగుడి ఊరే అని అందరూ తీర్మానించేసిన కాలంలో, ఇల్లు గడుపుకోగా మిగిలిన పైసలతో ఆవిడ తన ఊళ్లో తన పేరు నిలబెట్టుకుంది. ముట్టినట్టు రసీదులు పోస్టుమాన్ తెచ్చి ఇచ్చేది తాత చేతికే. ఆయన ఒక్క మాటా అనలేదు. రెండు రసీదులూ ఖాతా పుస్తకం వెనక అట్టలో పక్కపక్కనే గుచ్చి ఉండేవి. మనిషి ఎక్కడివాడు అన్న ప్రశ్న మన దగ్గర మగవాణ్ణి అడిగినంత సూటిగా ఆడదాన్ని ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే మామ్మ మూడు ఊళ్ల పేర్లు చెప్పి ఉండేది.

1978లో తాత రిటైరయ్యాడు. క్వార్టరు అప్పగించాలి. పల్లెకి వెళ్లిపోవాలా, ఉండిపోవాలా అని ఇంట్లో చాలా చర్చ జరిగింది. ట్రంకుపెట్టెలు, హోల్డాల్ సర్దుకుని ఇద్దరూ వెళ్లారు. పెద్దతాత వాళ్లు పడమటి గది ఖాళీ చేసి ఇచ్చారు, ఏ లోటూ రానివ్వలేదు. అక్కడ పిల్లలు ఆయన్ని ఖరగ్‌పూర్ తాత అనేవాళ్లు. ఏడాది తిరక్కముందే, ఆయనతో పాటు పాతికేళ్లు ఒకే బెంచీ మీద పనిచేసిన ఫిట్టరు పోయాడని ఉత్తరం వచ్చింది. అది చేరేసరికి కార్యక్రమం అయిపోయింది. తాత రెండు రోజులు సరిగా అన్నం తినలేదట. తర్వాత రైలెక్కి వచ్చి, ఆ ఇంటికి వెళ్లి కూర్చున్నాడు. మళ్లీ కాపురానికి పల్లె వెళ్లలేదు. మలంచ వైపు చిన్న స్థలం కొని రెండు గదులు వేసుకున్నారు. కానీ సంబరానికి ఏటా వెళ్లేవాళ్లు, మనియార్డరు అవసరం లేకుండా చందా చేత్తోనే ఇచ్చేవాళ్లు.

ఇలాంటి వాళ్లని చూసి, అటూ కాకుండా ఇటూ కాకుండా పోయారని జాలిపడేవాళ్లు ఉన్నారు. ఆ జాలి మా వాళ్లకి వర్తించదు. అది ఏ ఊరి బరువూ ఎత్తుకోనివాడికి. మా తాత రెండు ఊళ్ల బరువూ మోశాడు, అలసిపోయాడు కూడా. రెండు చోట్లా చావులకి వెళ్లాలి, రెండు చోట్లా పెళ్లిళ్లకి ఇవ్వాలి, ఫిట్టరు జీతంతో. 1994లో ఆయన పోయినప్పుడు ఖరగ్‌పూర్‌లో పాడె మోసినవాళ్లలో మాసీమా కొడుకు ఉన్నాడు, ఒడియా పిన్నిగారి అల్లుడు ఉన్నాడు. పల్లెలో దాయాదులు మైల పట్టారు, ఆ ఏడు వాళ్లింట పండగ చేయలేదు.

ప్రభుత్వానికి కూడా మనిషి ఊరు తెలియాలి, దాని కొలత దానికి ఉంటుంది. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఆంధ్రప్రదేశ్ కాలేజీల్లో స్థానికులు అనిపించుకోవాలంటే, సాధారణంగా అర్హత పరీక్షకి ముందు వరసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివి ఉండాల్సి వచ్చేది. నేను చదివింది బెంగాల్లో, ఆ లెక్కలో నేను స్థానికురాలిని కాదు. చట్టానికి ఏదో ఒక కొలబద్ద కావాలి, కాదనను. అయితే ఆ కొలబద్దలూ కదులుతుంటాయి. తాత ఇల్లు వదిలిన నాటికి మా పల్లె మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉంది. 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 2022 ఏప్రిల్లో పాలకొండ ప్రాంతం పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. బెంగాల్లో 2002లో మిదనాపూర్ జిల్లా రెండుగా చీలి ఖరగ్‌పూర్ పశ్చిమ మిదనాపూర్‌కి వచ్చింది. ఊళ్లు రెండూ ఉన్నచోటే ఉన్నాయి, కాగితాల మీద చిరునామాలే నడిచాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించిందన్న వార్త విన్నప్పుడు అమ్మ చాలా సంతోషించింది. "మీ తాతకి ఎవులూ ఇవ్వకముందే ఉన్నాది" అంది.

పెళ్లై హైదరాబాదు వచ్చి ముప్పై అయిదేళ్లు. ఈ నగరం నాకు ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువులు ఇచ్చింది. దీని మీద నాకు కృతజ్ఞత ఉంది. కానీ అపార్ట్‌మెంటులో నెలనెలా కట్టే మెయింటెనెన్సు చందా కాదు. కట్టకపోతే జరిమానా వేస్తారు, ఎవరూ అలగరు. పల్లెలో సంబరానికి రాకపోతే మా బాబాయి కొడుకు ఫోన్ ఎత్తడు. అక్కడి తెలుగువాళ్లు చేసే మాతా పూజకి ఖరగ్‌పూర్ వెళ్లకపోతే ఎదురింటి ఆమదాలవలస వాళ్ల కోడలు ఆర్నెల్లు దెప్పుతుంది. ఆ అలకలకి భయపడే రైలు టికెట్లు ముందే తీసి పెట్టుకుంటాను. ఇక్కడ కూడా ఈ మధ్య మొదలైంది. కింది అంతస్తులో ఉండే కరీంనగర్ ఆవిడ బతుకమ్మకి నన్ను పిలవడం మానేసి, ఏ పువ్వు తేవాలో చెప్పడం మొదలుపెట్టింది. మొన్న ఒక రోజు ఆలస్యంగా తెచ్చానని మొహం మాడ్చుకుంది. నాకు చాలా ఆనందమైంది.

ఖాతా పుస్తకం ఇప్పుడు అమ్మ దగ్గరుంది. నాన్న పోయాక ఆవిడ మా ఇంట్లోనే ఉంటోంది. వచ్చే మాఘంలో మాసీమా మనవరాలి పెళ్లి, ఖరగ్‌పూర్‌లోనే. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో టికెట్లు దొరికాయి. ఎంత ఇవ్వాలని నేను అడిగితే అమ్మ కళ్లజోడు పెట్టుకుని పుస్తకం తీసింది. 1964లో మాసీమా భర్త ఇరవయ్యొక్క రూపాయలు చదివించాడు. 1990లో నా పెళ్లికి మాత్రం నూటపదహారు. తన లెక్క వదిలి మా లెక్కలో ఇచ్చాడు. ఆ అంకె కింద తాత రెండు గీతలు గీశాడు. ఆ తర్వాత వాళ్లింట్లో జరిగిన శుభకార్యాలకి మనం పంపినవి కూడా ఉన్నాయి. కానీ అమ్మ వేలు మొదటి పేజీ దగ్గరే ఆగింది. ఐదు వేలు ఇద్దామా అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు.

"ధరలు చూడకు. అప్పుడు ఆయన కొత్తగా ఉద్యోగంలో చేరినోడు. ఇరవయ్యొక్క రూపాయలంటే ఆయనకి అయిదారు రోజుల జీతం. నీ జీతంలో ఆరు రోజులది ఎంతో లెక్కెయ్యి. దాని మీద ఒకటి కలుపు."